సాంచెల ఇంట్లో చామంతి

మా ఇంట్లోకి పొద్దు రాదు. సిరిసిల్లలో మా వీధి వీధంతా అంతే. ముందు గదిలో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు. వెనక గదిలో మనుషులు. ఇటు గోడ పక్కింటివాళ్ళది, అటు గోడ ఇంకొకళ్ళది, పైన సిమెంటు రేకులు. పగలు మా ఆయన నేసేవాడు, రాత్రి షిఫ్టుకు జీతానికి ఒక మనిషి వచ్చేవాడు. ట్యూబులైట్లు ఆరడమనేది లేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇది పగలా సాయంత్రమా అని తెలుసుకోవడానికి వాకిట్లోకి పోయి తల పైకెత్తి చూసేదాన్ని. ఆ తెల్లటి వెలుతురులో, ఆ టకటకలో, గాలిలో తేలే నూలు దుమ్ములో కూర్చుంటే చెరువు అడుగున ఉన్నట్టు అనిపించేది. నిజం చెప్పాలంటే అది నాకు బాగానే ఉండేది. చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతూ ఎన్ని మధ్యాహ్నాలు అలా కళ్ళు తెరుచుకునే కలలు కన్నానో నాకే తెలియదు.

అలాంటి ఇంట్లో నేను చామంతి పూయించాలనుకున్నాను. పిచ్చి కాకపోతే ఏమిటి?

పిచ్చికి కారణం ఉంది. కోరుట్లలో మా పుట్టింటి వెనక ప్రహరీ గోడ మీద, మూతి పగిలిన కాగులో ఒక నాటు చామంతి ఉండేది. మా అవ్వ పెట్టింది. మేము అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్ళం. కార్తీకం వచ్చిందంటే అవ్వ కొప్పులో ఆ పువ్వు లేని రోజు లేదు. ఆ చెట్టంటే ఆమెకు ఎంత ఇదంటే, సాయంత్రం దీపాల వేళయితే పెరట్లో బుగ్గ, అంటే బల్బు, వెలగనిచ్చేది కాదు. ఎవరైనా మరిచిపోయి స్విచ్చి వేశారా, వంటింట్లో నుంచే ఒక అరుపు. "బుగ్గ బంద్ జేయున్రి!" మేము చీకట్లో బకెట్లకు తట్టుకుని, కాళ్ళు కొట్టుకుని, కరెంటు బిల్లుకు ఇంత ఏడుపేమిటని లోలోపల తిట్టుకునేవాళ్ళం. అవ్వ ఎందుకన్నది ఎన్నడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

అవ్వ ఒక కార్తీకంలో పున్నమి దాటాక పోయింది. చలికాలం ముగిసేలోగా తమ్ముడు పాత ప్రహరీ పడగొట్టి, పెరడంతా గచ్చు పోయించడానికి మేస్త్రీని మాట్లాడాడు. మట్టి ఉంటే పాములు వస్తున్నాయట. నేను ముందు రోజు పోయి, కాగు పక్కన మొలిచిన పిలకలను వేళ్ళతో సహా తీసి, తడిబట్టలో చుట్టుకుని వచ్చేశాను. మిగతాదంతా మట్టితో పాటు ట్రాక్టరులో పోయింది. అలా ఆ చామంతి ఇక భూమి మీద నా దగ్గర తప్ప ఎక్కడా లేకుండా అయింది. బజారులో అలాంటిది దొరకదు. నేను ఎంత వెతికానో.

ఆ రోజు కోరుట్ల బస్టాండులో తమ్ముడు నా చేతిలోని తడిబట్ట చూసి, "గా పసుపు పువ్వుల కోసం గింత కష్టమెందుకక్కా? బజార్ల తట్టలు తట్టలు దొరుకుతయి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "పసుపేందిరా? రాగి చెంబు తోమినట్టు ఎర్రగ ఉండేది. నీ కండ్లు ఏడవెట్టుకున్నవ్?"

"పసుపే అక్కా. నాకు మంచిగ యాదికున్నది."

"రాగి!"

"పసుపు!"

బస్సు కదిలేదాకా కొట్లాడుకున్నాం. కిటికీలో నుంచి కూడా "రాగి" అని అరిచాను. బస్సులో ఉన్నవాళ్ళు నేనేదో గిన్నెల గురించి అరుస్తున్నాననుకుని ఉంటారు. కానీ బస్సు ఊరు దాటాక నాకు భయం వేసింది. అవ్వ ఫోటోలన్నీ ముందు నుంచి తీసినవే. కొప్పు ఒక్కదాంట్లోనూ లేదు. నేను చెప్పేదే తప్పయితే? ఏడాది తిరగకముందే అవ్వ కొప్పులో పువ్వు రంగు మాకు కలవడం లేదు, ఇంక కొన్నేళ్ళు పోతే ఏం మిగులుతుంది? అప్పుడే అనుకున్నాను. వచ్చే కార్తీకంలో అవ్వ ఏడాది నాటికి ఈ చెట్టు పూయాలి. ఆ పువ్వు తీసుకుపోయి వాడి ముక్కు ముందు పెట్టాలి. రాగో పసుపో, నేను మళ్ళీ ఒక్కసారి చూడాలి.

ముందుగా పిలకలను కుండీలో నాటి, రేకుల పక్కన ఉన్న పిట్టగోడ మీద పెట్టాను. కోతులు ఉండనిస్తాయా? మా వీధి కోతులకు మనుషులంటే భయం లేదు, మొహమాటం అసలే లేదు. ఒక పిలకను పీకి, వేరు నమిలి, బాగాలేదని నా మీదికే విసిరింది ఒక ముసలి కోతి. మిగిలిన పిలకలను ఎత్తుకుని లోపలికి పరుగెత్తాను. ఇక లోపలే పెంచాలి. లోపల పొద్దు లేదు. అంటే పొద్దును నేనే తయారు చేయాలి.

మొదట నాకు తోచింది బుగ్గ. పసుపు వెలుతురు కదా, ఎండలాగే ఉంటుంది అనుకున్నాను. పెద్ద బుగ్గ ఒకటి తెచ్చి చెట్టు నెత్తి మీద వేలాడదీశాను. సాయంత్రానికి పై ఆకులు అప్పడాల్లా కాలి చుట్టుకుపోయాయి. ఇంకొక పిలక పోయింది. పైకి ఎత్తితే కాలడం తగ్గింది కానీ, చెట్టు ఎదగడమూ ఆగింది. దాని వేడి ఎక్కువ, దానిలోంచి చెట్టుకు పనికొచ్చే వెలుతురు తక్కువ. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా ఎండలా కనబడేదంతా ఎండ కాదని.

వీధి మొదట్లో కరెంటు సామాను అమ్మే చాచా దగ్గరికి పోయాను. తెల్ల గడ్డం, పక్కన ఎప్పుడూ చాయ్ గ్లాసు. ఎవరేం అడిగినా తెలియదనే మాట ఆయన నోట రాదు.

"చాచా, చెట్టుకు పెట్టే లైటు కావాలె."

"చెట్టుకా? ఏం బేటీ, చెట్టుకు షాదీ జేస్తున్నవా?"

"షాదీ గాదు చాచా, ఇంట్ల ఎండ లేదు. చెట్టు బత్కాలె."

చాచా గడ్డం నిమురుకుని, "తెల్ల ట్యూబు వెట్టు. చల్లగ ఉంటది, వెలుగు సాఫ్ ఉంటది. ఎంత లైటు ఇస్తే అంత మంచిది. చెట్టుకు లైటంటే మనకు బిర్యానీ లెక్క" అన్నాడు. సగం సరిగ్గా చెప్పాడు. మిగతా సగం నన్ను ఎంత తిప్పలు పెట్టిందో ఆ భగవంతుడికే తెలియాలి.

ట్యూబు తెచ్చి గోడకు, అందరూ బిగించినట్టే, పైన బిగించాను. చెట్టు బతికింది కానీ మెడ సాగింది. సన్నగా, పాలిపోయి, ఆకుకూ ఆకుకూ మధ్య బెత్తెడు దూరం. ట్యూబు వైపు ఒంగి, కిటికీలో నుంచి తొంగి చూసే పిల్లలా నిలబడింది. అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. దగ్గరుంటే కాలుతుంది, దూరముంటే సాగుతుంది. మధ్యలో ఒక చోటు ఉంటుంది, ఆ చోటును చెట్టు చేతే చెప్పించుకోవాలి.

పడుగు దారం గట్టిగా పేని రెండు తాళ్ళు చేశాను. దూలానికి వేసి ట్యూబు పట్టీని వాటికి కట్టాను. దారం లాగితే పైకి, వదిలితే కిందికి. ముందు చెట్టుకు జానెడు ఎత్తులో నిలిపి, ఆకుల మీద నా అరచేయి బోర్లా పెట్టి చూశాను. చేతి వెనక వెచ్చగా లేదు, అంటే ఆకు కాలదు. చేయి నీడ ఆకుల మీద ఎలా పడుతుందో చూశాను. వేళ్ళు విడివిడిగా కనబడితే వెలుతురు చాలినట్టు. మసకగా ఒక మరకలా పడితే చాలనట్టు. చెట్టు ఎదిగేకొద్దీ దారం లాగి ముడి మార్చేదాన్ని. ట్యూబు అంచుల కన్నా నడిమి వెలుగు ఎక్కువని తెలిశాక కుండీని సరిగ్గా నడుమకు జరిపాను. పొద్దున్నే చాయ్ పెట్టుకున్నాక కుండీని కొంచెం తిప్పడం, మళ్ళీ మరునాడు కొంచెం. లేకపోతే ఒక పక్కే బలిసేది.

మా ఆయన నేసిన తెల్ల బట్ట ఒక ముక్క చించి కుండీ వెనకా పక్కలా తెరలా కట్టాను, వృథా పోయే వెలుతురు తిరిగి ఆకుల మీద పడాలని. ఇక అన్నింటికన్నా పెద్ద శత్రువు మా ఇంటి దుమ్మే. సాంచెల నూలు పొట్టు రెండు పూటల్లో ట్యూబు మీద మందంగా పరుచుకునేది. తుడవకపోతే వెలుతురు సగం దానికే పోయేది. నేను ట్యూబును తుడిచి, ఆకులను ఒక్కొక్కటే తడి గుడ్డతో తుడిచేదాన్ని. ఆకు తుడుస్తుంటే చామంతి ఆకు వాసన వేళ్ళకు అంటేది. ఆ వాసనే కోరుట్ల. కళ్ళు మూసుకుంటే సాంచెల చప్పుడు వానలా వినబడేది, నేను పెరట్లో ప్రహరీ పక్కన నిలబడి ఉండేదాన్ని, అవ్వ వెనక్కి తిరిగి కొప్పు ముడుస్తూ ఉండేది. పువ్వు మాత్రం కనబడేది కాదు. ఎంత కళ్ళు గట్టిగా మూసినా ఆ చోట రంగు ఉండేది కాదు.

"ఏమే, గా చెట్టుకు చేసే సేవల సగం నాకు జేస్తే నేను గూడ పూస్తుంటి" అనేవాడు మా ఆయన సాంచె మీద నుంచి.

"నువ్వు పూస్తే ఎవ్వలు వెట్టుకుంటరు?" అనేదాన్ని.

ఎండాకాలంలో జగిత్యాలలో మా మేనత్త ఇంట్లో పెళ్ళికి పోయి వస్తూ, బస్టాండు దగ్గర చేపల తొట్లు అమ్మే దుకాణం చూశాను. ఒక తొట్టిలో నీళ్ళ అడుగున పచ్చటి గడ్డి. ఎంత పచ్చదనమో! దాని మీద గులాబి రంగు వెలుతురు. అడిగితే, నీళ్ళలో మొక్కలకు ఇదే మంచిదన్నాడు దుకాణదారు. ఎరుపూ నీలమూ కలిసిన వెలుతురట, ఆకులు తినేది ముఖ్యంగా ఆ రెండింటినేనట. నేను బస్సు తప్పినా సరే అని అక్కడే నిలబడి ఆ గడ్డి ఊగడం చూశాను. మాదీ నీళ్ళ అడుగు ఇల్లే కదా అనిపించింది. ఆ ట్యూబును పాత చీరలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని సిరిసిల్లకు తెచ్చాను.

అది వెలిగించిన సాయంత్రం మా ఇల్లు ఇల్లులా లేదు. గోడలు, నా చేతులు, గాలిలో దుమ్ము, అన్నీ గులాబి. నేను మురిసిపోయి చూస్తున్నాను. మా ఆయన సాంచె ఆపి ఒక్క అరుపు అరిచాడు.

"గిదేం లైటే! తెల్లబట్ట గులాబి లెక్క కనవడ్తున్నది. మరక ఉన్నదో లేదో ఎట్ల తెల్వాలె నాకు?"

వాకిట్లో పోయేవాళ్ళు ఆగి తొంగిచూశారు. అవి తెలంగాణ కోసం ఊరూరా జెండాలు లేచిన రోజులు, గులాబి అంటే ఉద్యమం రంగు. "ఏందన్నా, నీ ఇంట్ల లైటు గూడ ఉద్యమంల కలిసిందా?" అని ఒకరు నవ్వారు. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. చివరికి ఒప్పందం ఏమంటే, గులాబి ట్యూబు మూలకు, దాని చుట్టూ మూడు వైపులా బట్ట, వెలుతురు సాంచెల మీదికి రాకుండా. పక్కన తెల్ల ట్యూబు కూడా. రెండింటి కింద నా చామంతి కుండీ నిండా గుబురు కట్టింది. ఆకులు ముదురు పచ్చగా, కాడలు బొటనవేలంత. చూసినవాళ్ళంతా ఓహో అన్నారు.

మొగ్గ మాత్రం లేదు. శ్రావణం పోయింది. భాద్రపదం వచ్చింది. బయటి తోటల్లో చామంతులు మొగ్గ తొడుగుతున్నాయని కూరగాయలామె చెప్పింది. నాది ఆకుల మీద ఆకులు వేస్తూనే ఉంది. చాచా దగ్గరికి పోతే, "లైటు తక్కువయితుంది బేటీ, ఇంక వెట్టు" అన్నాడు. ఇంకా పెట్టాను. పగలూ రాత్రీ ఒక్క క్షణం ఆర్పకుండా. దానికి ఏది తక్కువైందో తెలియక నా దగ్గరున్నదంతా పోశాను. మొగ్గ లేదు. ఒక మధ్యాహ్నం కుండీ ముందు కూర్చుని, "ఇంకేం గావాలె నీకు? చెప్పు, ఇంకేం గావాలె?" అని ఏడ్చాను. మా ఆయన సాంచె మీద నుంచి చూశాడు కానీ ఆ రోజు ఎగతాళి చేయలేదు.

అప్పుడే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, ఆఫీసులు ఆగాయి. బొగ్గు గనులు ఆగాయి. బొగ్గు లేక కరెంటు కోతలు మొదలయ్యాయి. పగలు ఏదో కొంచెంసేపు వచ్చేది. పొద్దుగూకిందంటే పోయేది, ఇక తెల్లవారేదాకా నమ్మకం లేదు. రాత్రి మనిషి రావడం మానేశాడు. పగలు కూడా సాంచెలు నిలిచిపోయాయి.

ఆ నిశ్శబ్దం మొదటిసారి విన్నప్పుడు నాకు చెవులు పోయాయనుకున్నాను. మా వీధికి అంత చప్పుడు లేకుండా ఉండడం రాదు. దూరంగా తంగళ్ళపల్లి దారిలో ఎవరో డప్పు కొడుతుంటే మా వాకిట్లోకి వినబడింది. అంతకు ముందు ఎన్నడైనా వినబడిందా? జనం రోడ్ల మీదే వంటలు చేశారు, రోడ్ల మీదే తిన్నారు. ఆ ఏడు బతుకమ్మ కూడా రోడ్డు మీదే ఆడాం, బస్సులు పోవలసిన చోట. తంగేడు, గునుగు, బంతి అన్నీ పెట్టాను. చామంతి చోటు ఖాళీ.

లైట్లు లేవు కనుక కుండీని పగలు వాకిట్లోకి తేవలసి వచ్చింది. మరి కోతులు? దానికి కాపలా మా ఆయన. నేసేందుకు పని లేదు, ఊరికే కూర్చోలేడు. లుంగీ ఎగ్గట్టి, చేతిలో కర్ర పట్టుకుని, కుండీ పక్కన స్టూలు వేసుకుని పొద్దంతా కూర్చునేవాడు. పోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏందన్నా, చామంతికి పోలీసయినవా?" "అవ్ మరి. నీకేమన్న పనున్నదా? పో" అనేవాడు. కొన్నాళ్ళకు అతను చెట్టుతో మాట్లాడడం విన్నాను. సమ్మె సంగతులు చెప్తున్నాడు దానికి.

పొద్దుగూకగానే కుండీని లోపలికి తెచ్చేవాళ్ళం. ఆగిన సాంచెల మధ్య చీకట్లో పెట్టి, మేము వాకిట్లో కూర్చునేవాళ్ళం. నాకు ఆ చీకటి దిగులుగా ఉండేది. సాంచె తిరగని ఇంట్లో పొయ్యి కూడా సన్నగానే మండుతుంది. పైగా చెట్టుకు ఉన్న కాస్త వెలుతురు కూడా పోయె, ఇక ఇది పూసినట్టే అనుకున్నాను.

దసరా పోయిన తర్వాత ఒక పొద్దున వాకిట్లో నుంచి కేక. "ఏమే! జల్ది రా! గిదేందో సూడు!"

కోతి పీకిందేమో అని పరుగెత్తాను. మా ఆయన స్టూలు మీద నుంచి లేచి, కుండీ మీదికి ఒంగి ఉన్నాడు. కొమ్మ చివర, ఆకుల నడుమ, మిరియపు గింజంత పచ్చటి ముడి. పక్క కొమ్మకు ఇంకొకటి. ఇంకొకటి. నాకు ఏడుపూ నవ్వూ ఏదో వచ్చింది. నేను ఇన్నాళ్ళూ పోసిన వెలుతురంతా దానికి నిద్ర లేకుండా చేసింది. చామంతికి పూయాలంటే రాత్రి కావాలి. పొడుగు రాత్రి, నిజమైన చీకటి. మా ఇంట్లో లేనిది అదొక్కటే. ఎన్నడూ చీకటి పడని ఇంట్లో ఉంటూ నేను దానికి ఇంకా ఇంకా వెలుతురు తెచ్చిపెట్టాను. ఊరంతా సాంచెలు ఆపితే తప్ప దానికి కన్ను మూత పడలేదు.

సంతోషం పట్టలేకపోయాను. అదే పూట ఎదురింటి సాంచెలు కూడా ఆగి ఉండడం చూసి సిగ్గేసింది. ఇంత మందికి పని లేకుండా చేసిన చీకటి నాకు మొగ్గ ఇచ్చింది. ఎవరితో చెప్పుకోవాలి ఈ మాట? మా ఆయనతోనే చెప్పాను. "పూయనీ తీయ్. ఏదో ఒకటి పూయాలె గదా" అన్నాడు.

సమ్మె ముగిసింది. కరెంటు వచ్చింది. ఆగిన బట్టంతా తీయాలని అందరూ ఎగబడ్డారు, మా ఇంట్లోనూ పగలూ రాత్రీ సాంచెలు తిరగడం మొదలైంది. ట్యూబులైట్లు మళ్ళీ ఆరకుండా వెలిగాయి. నా మొగ్గలు అక్కడే ఆగాయి. పెరగవు, విచ్చవు. పైగా కొమ్మల చివర కొత్త ఆకులు పొడుచుకు రావడం మొదలైంది. అవ్వ ఏడాది దగ్గరపడుతోంది. లైట్లు ఆర్పమని ఎలా అడగను? ఇన్నాళ్ళకు పని దొరికిన మనిషిని సాంచె ఆపమని ఏ నోటితో అడుగుతాను? అడగలేదు. బీడీల గంప ఎత్తుకుని అప్పజెప్పడానికి పోయాను. దారి పొడుగునా ఇక ఆ పువ్వును చూడనులే అనుకుంటూ పోయాను.

తిరిగి వచ్చేసరికి దీపాల వేళ. ఇంట్లో సాంచెల చప్పుడు. మూలన గులాబి ట్యూబు, తెల్ల ట్యూబు ఆరిపోయి ఉన్నాయి. కుండీ ఉన్నచోట ఒక నల్లటి గుడారం. నాలుగు కర్రలు పాతి, వాటి మీద నల్లబట్ట మడతలు మడతలుగా కప్పి, కింద అంచుకు చుట్టూ రాళ్ళు పెట్టి ఉంది. సమ్మెలో నల్లజెండాలకని కోయగా మిగిలిన బట్ట అది. ఎక్కడా ఒక్క కంత లేదు.

"ఏందయ్యా గిది?" అన్నాను, సాంచెల చప్పుడు మీద వినబడాలని గట్టిగా.

మా ఆయన వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. అంత మోతలో! దగ్గరికి వచ్చి నా చెవిలో అన్నాడు. "మెల్లగ మాట్లాడు. చెట్టు పండుకున్నది."

నాకు నవ్వొచ్చింది. "నీకెవ్వలు జెప్పిన్రు?"

"మీ అవ్వనే."

నేను అతని ముఖం చూశాను. ఎగతాళి కాదు.

"పిల్లను జూస్తందుకు మీ ఇంటికి అచ్చిన గదా" అన్నాడు. "కాళ్ళు గడుక్కుందామని పెరట్లకు వోయిన. చీకటి వడ్డది. ఏం కనవడ్తలేదని స్విచ్చి వేసిన. మీ అవ్వ ఉర్కి అచ్చి బంద్ జేసింది. 'ఓ కొడుకా, ఏమనుకోకు, చామంతి పండుకున్నది. బుగ్గ ముట్టిస్తే నిద్ర చెడిపోయి పువ్వు రాదు' అన్నది. నేనైతే సంబంధం చెడిపోయిందే అనుకున్న. గా తర్వాత మర్చిపోయిన. మొన్న చీకట్ల మొగ్గ అచ్చినంక సాంచె నడుపుకుంట నడుపుకుంట ఉంటే యాదికచ్చింది."

నేను సాంచె స్తంభం పట్టుకుని నిలబడ్డాను. పుట్టి పెరిగిన పెరడు. ఎన్నిసార్లు ఆ అరుపు విన్నానో. బిడ్డకు చెప్పని మాట ఆ ఒక్క సాయంత్రం కాళ్ళు కడుక్కోవడానికి వచ్చిన మనిషికి చెప్పింది అవ్వ. నాకు ఆమె మీద కోపం వచ్చింది. వెంటనే ఆమె కావాలని ఎంత అనిపించిందంటే, అక్కడే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సాంచెల చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దు వాలుతుండగా మా ఆయనే గుడారం కప్పేవాడు, పొద్దెక్కాక నేను తీసి లైట్లు వేసేదాన్ని. మొగ్గలు శనగగింజంత అయ్యాయి, రేగుపండంత అయ్యాయి. ఒక పొద్దున బట్ట ఎత్తేసరికి ఒక మొగ్గ నోరు తెరిచి ఉంది. లోపల రాగి రంగు. తోమిన చెంబు రంగు. "రాగి!" అని నేను వేసిన కేకకు మా ఆయన సాంచె ఆపి పరుగెత్తుకొచ్చాడు.

అవ్వ ఏడాదికి కుండీని ఒళ్ళో పెట్టుకుని బస్సులో కోరుట్లకు పోయాం. కుండీలో చెట్టు పక్కన కొత్త పిలకలు కూడా లేచి ఉన్నాయి. లోపలికి అడుగు పెడుతూనే తమ్ముడి ముందు కుండీ పెట్టి, "చెప్పు ఇప్పుడు" అన్నాను.

వాడు కుండీ ముందు గొంతుక్కూర్చుని, తల బాగా వంచి, పువ్వు కిందికి చూశాడు. "అక్కా, గిటు రా. కింద నుంచి సూడు" అన్నాడు. నేనూ పక్కన కూర్చుని తల వంచాను. రేకల వెనక పక్కంతా పసుపు. మేలిమి పసుపు. ఆ కాగు ప్రహరీ మీద ఉండేది. నేను పెద్దదాన్ని, గోడ ఎక్కి తెంపి అవ్వకు ఇచ్చేదాన్ని. వాడు చిన్నవాడు, కింద నిలబడి పైకి చూసేవాడు. వాడు చూసింది వాడు చూశాడు.

"పొట్టోనివి గదరా" అన్నాను, వాడి తల మీద చేయి వేసి. వాడు నా భుజం మీద ముఖం పెట్టుకుని ఏడ్చాడు. అవ్వ పోయిన రోజు కూడా వాడు అలా ఏడవలేదు.

అవ్వ ఫోటో ముందు పువ్వులు పెట్టి, అన్నాలు అయ్యాక, మా ఆయన నల్లగుడారం సంగతి, పెరట్లో స్విచ్చి సంగతి అందరికీ చెప్పాడు. తమ్ముడు విని, లేచి గడ్డపార తెచ్చాడు. కొత్త గోడ పక్కన గచ్చు పగలగొట్టడం మొదలుపెట్టాడు. మరదలు "అయ్యో, కొత్త గచ్చు!" అంటూనే ఉంది. మూర వెడల్పున మట్టి బయటపడ్డాక ఒక పిలక తీసి అక్కడ నాటాం.

అప్పటికి పొద్దుగూకింది. గిన్నెలు తోముకోవడానికి వచ్చిన మరదలు చేయి గోడకు పోయి, పెరట్లో లైటు భగ్గున వెలిగింది.

"బంద్ జెయ్!"

నేను, తమ్ముడు, మా ఆయన, ముగ్గురం ఒక్కసారే అరిచాం. మరదలు బిత్తరపోయి ఆర్పేసింది. అంతలోనే చీకట్లో మా ఆయన కాలికి బకెట్ తగిలి, నీళ్ళన్నీ ఒలికి, "అబ్బా" అని వంగిపోయాడు. దెబ్బ గట్టిగానే తగిలింది.

అయినా ఎవరమూ లైటు వేయలేదు.